గంజి పారబోయొద్దు అబ్బయ్యా

చిరంజీవి అబ్బయ్యకు తాత ఆశీస్సులు.

గుంటూరులో మిలిటరీకి సెలెక్టయ్యావనీ, వెల్లింగ్టన్‌లో మద్రాస్ రెజిమెంటల్ సెంటర్‌కి రమ్మన్నారనీ మీ అమ్మ ఫోన్ చేసింది. చెప్తా చెప్తా నవ్విందో ఏడ్చిందో నాకు అంతుబట్టలేదు. మీ అమ్మమ్మ వీధి వీధంతా కలకండ పంచింది. నేను అరుగు మీద కూర్చుని, వచ్చేపోయేవాళ్ళకి ‘మా మనవడు’ అని చెప్పుకుంటా సాయంత్రం దాకా మీసం దువ్వుకున్నా. పడుకున్నాక మాత్రం కన్ను మూతపడలేదు. లేచి ఈ ఉత్తరం మొదలుపెట్టా.

పరుగు, కవాతు, తుపాకీ ఇవన్నీ ఉస్తాదులు నేర్పుతారు. కొత్త బూట్లు రోజూ గంటసేపు ఇంట్లో తొడుక్కుని తిరుగు. జుట్టు ఇక్కడే కత్తిరించుకుని పో. యూనిఫారం ఫోటోలు ఫోన్‌లో ఎక్కడా పెట్టొద్దు. వాటి గురించి ఇంతే. నేను రాయబోయేది వేరే సంగతి. శత్రువు చేతికి చిక్కితే క్యాంపులో ఎట్టా బతికి బయటపడాలనేది. మీ అమ్మ చదివితే ‘ప్రయాణం ముందు ఈ అశుభం ఏంది నాయనా’ అంటుంది. అననియ్యి. మా నాయన, అంటే నీకు ముత్తాత, సింగపూరులో చిక్కి మూడున్నరేళ్ళు ఉండి ప్రాణాలతో వచ్చాడు. నేను మెడికల్ కోర్‌లో నర్సింగ్ అసిస్టెంటుగా, 1971 యుద్ధం అయ్యాక, కంచెకి ఇవతలి వైపు ఖైదీల ఆస్పత్రిలో పనిచేశా. మన చేతిలో అప్పుడు పాకిస్తాన్ వాళ్ళు 93,000 మంది దాకా ఉండారు. ఆ కంచెని రెండు వైపుల నుంచీ చూసిన ఇల్లు మనది.

ముందు చట్టం. 1949 నాటి జెనీవా మూడో ఒప్పందం ప్రకారం నువ్వు చెప్పి తీరాల్సినవి నాలుగే: పేరు, ర్యాంకు, ఆర్మీ నంబరు, పుట్టిన తేదీ. మనమూ, పాకిస్తానూ, చైనా ముగ్గురం దానికి ఒప్పుకున్నవాళ్ళమే. 2019లో పాకిస్తాన్ చేతికి చిక్కిన వింగ్ కమాండర్ అభినందన్ వీడియో నువ్వు చూసే ఉంటావు. పేరు, నంబరు చెప్పాడు, యూనిట్ సంగతులు అడిగితే అది చెప్పకూడదని మర్యాదగా ఆపాడు. అదే పద్ధతి. ఎదురు తిట్టొద్దు. కథలు అల్లొద్దు. ఇవాళ చెప్పిన అబద్ధాన్ని రేపూ ఎల్లుండీ అదే మాదిరి చెప్పాల్సి వస్తుంది, ఆకలితో ఉన్న తలకి అది గుర్తుండదు. కొట్టేవాడి కన్నా, టీ గ్లాసు చేతికిచ్చి ‘నెల్లూరా మీది, చేపల పులుసు బాగుంటుందంటగా’ అని మొదలుపెట్టేవాడి దగ్గర ఎక్కువ జాగ్రత్తగా ఉండు. పక్క మంచం మీదికి కొత్తగా వచ్చి చేరిన తెలుగువాడి దగ్గర ఇంకా జాగ్రత్త. నీకసలే మన భాష వినపడితే చాలు, నోరు ఆగదు.

ఫోటో తీస్తే ముఖం తిప్పుకోవద్దు. ఖైదీల్ని ఊరేగించి వేడుక చెయ్యకూడదని అదే ఒప్పందంలో ఉంది, నిజమే. అయినా నీ ముఖాన్ని నలుగురు చూశాక నిన్ను లేడనిపించడం కష్టం. క్యాంపుకు చేరిన వారంలోపు ఇంటికీ, జెనీవాలోని రెడ్ క్రాస్ ఏజెన్సీకీ ఒక కార్డు రాసే హక్కు నీకుంది. అది ఇవ్వకపోతే రోజూ అడుగు. తర్వాత నెలకు రెండు ఉత్తరాలు, నాలుగు కార్డులకు తగ్గకూడదు. రెడ్ క్రాస్ మనిషి వచ్చినప్పుడు ఇంకెవరి సంగతైనా చెప్పే ముందు నీ పేరు, నంబరు ఆయన పుస్తకంలో ఎక్కిందో లేదో చూసుకో. 1971లో తప్పిపోయిన 54 మంది జాబితా అని మన ప్రభుత్వం ఏళ్ళ తరబడి పట్టుకుని తిరిగింది చూడు, ఆ ఇళ్ళలో ఆడవాళ్ళ బతుకు ఎట్టా గడిచిందో తలుచుకుంటే నాకు ఇప్పటికీ అన్నం దిగదు. పట్టుబడటం కన్నా, పట్టుబడ్డావని ఎవరికీ తెలియకపోవడం పెద్ద గండం.

వాచీ, డబ్బు లాక్కుంటే రసీదు అడుగు. ఇవ్వకపోతే వాటికోసం పోట్లాడొద్దు. నువ్వు కాపాడుకోవాల్సినవి వేరే: మెడలో పేరు, నంబరు ఉండే బిళ్ళ, బూట్లు, మగ్గు, స్పూను, కప్పుకునే గుడ్డ. బూట్లు విప్పితే తల కింద పెట్టుకుని పడుకో.

నీళ్ళు. బుడబుడా మరిగాక ఒక నిమిషం, కొండల మీద అయితే మూడు నిమిషాలు. పొయ్యి లేకపోతే తేట నీళ్ళని ప్లాస్టిక్ సీసాలో పోసి ఎండలో ఆరు గంటలు పడుకోబెట్టాలి, మబ్బు పడితే రెండు రోజులు. బురద నీళ్ళకి ఎండ పనిచెయ్యదు. ముందు గుడ్డతో వడకట్టి తేర్చుకోవాలి. పాత గుడ్డ ఎంత నలిగినదైతే అంత మేలు, దారాలు దగ్గరపడి ఉంటాయి.

దొడ్డి గుంత వంటశాలకీ బావికీ ముప్పై మీటర్లు దూరంగా, నీళ్ళు పారే దిక్కుకి కింద ఉండాలి. కూర్చుని లేచిన ప్రతివాడూ గుప్పెడు మట్టి లేదా బూడిద వెయ్యాలి. దీనికి ఒక కాపలా పెట్టాలి, ఎవరికీ నచ్చని పని కాబట్టి వంతులవారీగా. క్యాంపులో తూటాల కన్నా ఈగలు ఎక్కువమందిని చంపుతాయి. సబ్బు లేకపోతే బూడిదతో చేతులు తోముకో. గోళ్ళు కొరుక్కునే అలవాటు నీకింకా ఉండాది, మొన్న పండక్కి చూశా. మానుకో.

విరేచనాలు పట్టుకుంటే మందు లేదని ఊరికే పడుకోవద్దు. పోయిన నీళ్ళు పోయినంతా లోపలికి పోవాలి. లీటరు నీళ్ళకి ఆరు టీస్పూన్ల చక్కెర, అర టీస్పూను ఉప్పు, రెండూ తలగొట్టి కొలవాలి. చక్కెర ఎవరిస్తారు అక్కడ? కాబట్టి పల్చటి గంజి లీటరుకి అదే అర స్పూను ఉప్పు. 1971లో బంగ్లాదేశ్ శరణార్థులకి బనగావ్ క్యాంపులో కలరా తగిలినప్పుడు సెలైన్ సీసాలు అయిపోతే, డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పూ గ్లూకోజూ కలిపిన నీళ్ళు డ్రమ్ములకి పట్టి తాగించాడు. నూటికి ముప్పైమంది పోయేచోట నలుగురి లోపుకి దిగింది. గంజిలోని పిండి కూడా కడుపులో గ్లూకోజుగా మారి ఆ పనే చేస్తుంది.

గంజి మాట వచ్చింది కాబట్టి అసలు సంగతికి వస్తా. ఇది పొడవు. ఓపిగ్గా చదువు, మధ్యలో ఫోన్ చూడొద్దు.

1942 ఫిబ్రవరి 15న సింగపూరు లొంగిపోయింది. 17న ఫారర్ పార్కు మైదానంలో నలభై అయిదు వేలమంది దాకా ఇండియా సిపాయిల్ని కూర్చోబెట్టి జపాన్ వాళ్ళకి అప్పజెప్పారు. మా నాయన ఆ గుంపులో ఉన్నాడు. తర్వాత సెలెటార్ క్యాంపులో ఆయన బారక్‌కి వంట ఆయన చేతికొచ్చింది. పెన్నా కాలవ కింద మొలగొలుకుల అన్నం తిని పెరిగిన మనిషి. అన్నమంటే మల్లెమొగ్గల్లా విడివిడిగా ఉండాలి, మెతుక్కి మెతుకు అంటుకుంటే ఆయన దృష్టిలో అది అన్నం కాదు. జపాన్ వాళ్ళు ఇచ్చేది మరపట్టిన తెల్లబియ్యం. పాతది, పైగా పురుగు పట్టకుండా సున్నం కలిపింది. సున్నం వాసన పోవాలని నాలుగు నీళ్ళు మార్చి పిసికి పిసికి కడిగేవాడు. ఎసరు ఎక్కువ పెట్టి, ఉడికాక గంజి వార్చి, కంచె పక్కన కాలవలో పారబోసేవాడు. అన్నం తెల్లగా వచ్చేది. అందరూ మెచ్చుకున్నారు. పక్క బారక్‌లో అరవవాళ్ళు కడిగీ కడగనట్టు కడిగి, గంజితో సహా జావలాగా తాగతా ఉంటే మనవాళ్ళు ‘కుడితి తాగుతున్నారు’ అని నవ్వారంట.

నెలన్నర గడిచింది. ఒకడికి అరికాళ్ళు మంటలు, రాత్రిళ్ళు తడిగుడ్డ చుట్టుకుని కూర్చునేవాడు. ఇంకొకడికి పిక్కలు నొక్కితే ప్రాణం పోయినంత నొప్పి. గొంతుక్కూర్చుంటే చేతులు ఆనించకుండా లేవలేకపోయారు. కొందరికి కాళ్ళు ఉబ్బాయి, వేలితో నొక్కితే గుంత పడి అట్టే ఉండిపోయేది. ఒళ్ళు చేస్తున్నార్రా అని ఎవరో ఎగతాళి కూడా చేశారంట. మన కనిగిరి వైపు అబ్బాయి ఒకడు రాత్రి బాగా మాట్లాడి, ఆయాసంగా ఉందని గోడకి ఆనుకుని కూర్చుని, తెల్లారేసరికి లేడు. పక్క బారక్‌లో ఇట్టాంటివి చాలా తక్కువ. ఒకటే బియ్యం, ఒకటే కొలత, ఒకటే పని.

ఆ జబ్బు బెరిబెరి. కారణం నేను చదువుకుని తెలుసుకున్నా, ఆయనకి ఆనాడు తెలియదు. బియ్యపు గింజ పైన తవుడు పొరలో, మొలక వచ్చే ముక్కులో బీ వన్ విటమిన్, అంటే థయమిన్, ఉంటుంది. మరపడితే అందులో చాలాభాగం తవుడుతో పోతుంది. మిగిలింది నీళ్ళలో కరిగేది. గట్టిగా కడిగితే అందులో సగం దాకా కడుగులో పోతుంది, ఇంకొంత గంజిలోకి దిగుతుంది. ఆ గంజి పారబోస్తే పళ్ళెంలో మిగిలేది ఒట్టి పిండి. పైగా తిన్న పిండిని ఒంట్లో శక్తిగా మార్చుకోవడానికే ఆ విటమిన్ కావాలి, కాబట్టి ఎంత ఎక్కువ తెల్లన్నం తింటే అంత తొందరగా ఖర్చవుతుంది. మన ఒంట్లో దాచుకునేది మొత్తం ముప్పై మిల్లీగ్రాముల లోపే. రోజుకి ఒక మిల్లీగ్రాము పైచిలుకు కావాలి. లెక్క నువ్వే వేసుకో, నెలన్నర ఎందుకు పట్టిందో తెలుస్తుంది.

ఇంకో సంగతి చెప్తా, దీనికి నేను చాలా సిగ్గుపడతా. ఈ జబ్బు మన తెలుగు తీరానికి పాతచుట్టం. మాల్కమ్‌సన్ అనే మద్రాసు డాక్టరు 1835లోనే ఉత్తర సర్కారు జిల్లాల బెరిబెరి మీద పుస్తకం వేశాడు. అరవదేశంలో ఉప్పుడు బియ్యం తింటారు. వడ్లని నానబెట్టి ఆవిరి పట్టినప్పుడు పొరలోని విటమిన్ గింజలోకి ఇంకి, మరపట్టినా నిలబడుతుంది. మనం పచ్చిబియ్యం మనుషులం, తెల్లగా ఉంటేనే తింటాం. నువ్వు పోయే వెల్లింగ్టన్ పక్కనే కూనూరు. 1918లో అక్కడ పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో ఒక్క గదిలో బెరిబెరి విచారణ యూనిట్ అని పెట్టారు. అదే పెరిగి పెద్దదై 1958లో హైదరాబాదుకు వచ్చింది, తార్నాకలో ఉండే పోషకాహార సంస్థ అదే. సెలవు దొరికితే ఆ కూనూరు చూసిరా.

మా నాయన బారక్‌ని కాపాడింది ఒక అరవ ఆస్పత్రి అర్దలీ. వచ్చి కాలవలో తెల్లగా పారతా ఉన్న గంజి చూసి, ‘అక్కడ పోతా ఉంది మీ మందు’ అన్నాడంట. ఆ రోజు నుంచి కడగడం ఒక్కసారి, అదీ రాళ్ళు, సున్నం పోయేంత వరకే, చెయ్యి పెట్టి పిసకకుండా. ఎసరు కొలిచి అత్తెసరు వండటం. గంజి మిగిలితే ఉప్పేసి జబ్బువాళ్ళకి ముందు. కోళ్ళకి వేసే తవుడు ఎక్కడైనా దొరికితే మనిషికి రోజూ గుప్పెడు, దగ్గర దగ్గర యాభై గ్రాములు. తవుడు రెండు మూడు రోజుల్లోనే కారువాసన వస్తుంది, తెచ్చినరోజే పొడి పెనం మీద వేయించాలి, జల్లించాలి, జావలో కలిపి తాగాలి. ఒట్టిది నమిలితే గొంతు పట్టుకుంటుంది, కడుపు నొస్తుంది. పెసలు దొరికితే బంగారం. పన్నెండు గంటలు నానబెట్టి తడిగుడ్డలో కట్టి ఒకటిన్నర రోజు ఉంచితే మొలక. ఎండు పెసల్లో లేని సీ విటమిన్ మొలకలో వస్తుంది, చిగుళ్ళు కారకుండా కాపాడేది అదే. కాళ్ళ మంటలు తగ్గడానికి వారాలు పట్టింది. ఒకరిద్దరికి నడక చివరిదాకా సరిగ్గా రాలేదు.

మా నాయన ఇది నాకు ఒక్కసారే చెప్పాడు, నేను మెడికల్ కోర్‌లో చేరినరోజు. ఆ కనిగిరి అబ్బాయి పేరు కూడా చెప్పాడు. ‘నా చేత్తోనే పారబోశా రా’ అన్నాడు. తెలియక చేశావు నాయనా అంటే మాట్లాడలేదు. మా ఇంట్లో ఆయన ఉన్నంతకాలం గంజి వార్చిన కుండ లేదు. చుట్టాలొచ్చి అన్నం మెత్తగా ఉందని మూతి ముడిచినా అత్తెసరే. ఇప్పుడు కుక్కర్లొచ్చి వార్చే పని పోయింది గానీ, మీ అమ్మ బియ్యాన్ని బట్టలుతికినట్టు ఉతుకుతుంది. చెప్పిచెప్పి నా నోరు నొచ్చింది.

నీ సంగతికి వస్తే, వంకాయ తినవు, లావుబియ్యం తినవు, చద్దన్నం చూస్తే ముక్కు మూసుకుంటావు. ఇట్టాంటివాడు క్యాంపులో ముందు పోతాడు. కోపమొచ్చినా వినాల్సిందే. మొదటి ప్రపంచయుద్ధంలో ఇరాక్‌లో కూత్ అనే ఊరిని తుర్కులు చుట్టుముట్టారు, 1915 డిసెంబరు నుంచి 1916 ఏప్రిల్ 29 దాకా. లోపల తెల్లపిండి రొట్టెలు తిన్న ఇంగ్లీషు సిపాయిలకి బెరిబెరి వచ్చింది. ముతకపిండి, పప్పు తిన్న మనవాళ్ళకి అది రాలేదు. కానీ గుర్రపు మాంసం మేం తినం అని మనవాళ్ళు చాలామంది పంతం పట్టారు, కూరాకు లేదు, చిగుళ్ళు కుళ్ళే స్కర్వీ పట్టుకుంది. మతపెద్దలు తినొచ్చని కబురు పంపినా చాలామంది ఆఖరి రోజుల దాకా ముట్టుకోలేదు. ఎవరు ఏది తినరో దాని జబ్బు వాళ్ళకే వచ్చింది. నేను నిన్ను ఏమీ వదులుకోమనటంలేదు. ఈ నెలరోజులైనా ఇంట్లో పెట్టింది తిను. కంచె లోపల మొలిచే ఆకులు కూడా గుర్తుపట్టడం నేర్చుకో. గంగవాయిల కూర, పొన్నగంటి, తూటికూర, మునగ ఇవి నీకు అమ్మమ్మ చూపిస్తుంది, పొలంగట్టు మీద ఒక పూట తిరుగు. రేచీకటి రాకుండా ఉండాలన్నా ఆకుకూరే. తెలియని ఆకు మాత్రం నోట పెట్టొద్దు.

అన్నం పంచడానికి ఒకే డబ్బా కొలత పెట్టాలి. సోలో, గిద్దో, సిగరెట్ డబ్బానో, అందరికీ అదే, తలగొట్టి. పంచినవాడు చివర తీసుకోవాలి. అడుగంటిన మాడు, మిగిలిన గంజి వంతులవారీగా, పేర్లు రాసి. ఇది సరిగ్గా లేకపోతే జబ్బు కన్నా ముందు తగాదా చంపుతుంది. బీడీ కోసం అన్నం అమ్ముకున్నవాళ్ళు ఎక్కువ రోజులు బతకలేదని నాయన అనేవాడు. నీ చేతికి బీడీ వస్తే అమ్ముకుని పెసలు కొనుక్కో.

ఇక చలి. నిన్ను ఎక్కడికి పంపుతారో తెలియదు గానీ, మన దేశానికి గొడవ వచ్చేది కొండల్లోనే. 1962లో చైనా వాళ్ళకి చిక్కిన 3,900 పైచిలుకు మందిలో చాలామంది కొండమీది చలికి సరైన బట్టలు లేకుండానే అక్కడికి వెళ్ళినవాళ్ళు. మేజోళ్ళు రెండు జతలు. ఒకటి కాళ్ళకి, ఒకటి చొక్కా లోపల పొట్టకి ఆనించి ఆరబెట్టుకోవాలి. వేళ్ళు తెల్లగా, చెక్కలాగా మొద్దుబారితే రుద్దొద్దు, మంట దగ్గర పెట్టొద్దు. మొద్దుబారిన కాలికి కాలేది తెలియదు. పసిబిడ్డకి పోసేంత గోరువెచ్చటి నీళ్ళలో, 37 నుంచి 39 డిగ్రీలు, అరగంట ముంచాలి. కానీ మళ్ళీ గడ్డకట్టే దారి నడవాల్సి ఉంటే కరిగించొద్దు, అట్టే నడువు. కరిగి మళ్ళీ గడ్డకడితే వేళ్ళు దక్కవు. వేడి ప్రాంతంలో అయితే మోకాలి కింద గీత పడకుండా చూసుకో. వెదురు గీసుకున్న చిన్న గాయం పుండై ఎముక దాకా తినేస్తుంది. మరిగించి చల్లార్చిన ఉప్పునీళ్ళతో రోజుకి రెండుసార్లు కడిగి, ఉతికి ఎండేసిన గుడ్డ కట్టాలి. గోకొద్దు.

పారిపోవడం గురించి నువ్వు అడుగుతావని తెలుసు. సినిమా బుద్ధి నీది. చట్టప్రకారం పారిపోతూ దొరికినవాడికి క్రమశిక్షణ శిక్షే వెయ్యాలి, ముప్పై రోజులకు మించకూడదు. ఆ శిక్షకి ముందు తుపాకీ ఉంటుందని మర్చిపోవద్దు. 1972 ఆగస్టులో ఒక రాత్రి రావల్పిండి క్యాంపు గోడకి కన్నం వేసి దిలీప్ పారుల్కర్, గ్రేవాల్, హరీష్ సింహ్‌జీ అనే మన వాయుసేన ఆఫీసర్లు ముగ్గురు బయటపడ్డారు. పెషావర్ దాటి, అఫ్గాన్ సరిహద్దుకి కొద్ది మైళ్ళ దూరానికి పోయారు. లండీకోతల్‌లో, లండీఖానాకి పోవాలి అని దారి అడిగారు. ఆ లండీఖానా రైల్వే స్టేషన్ 1932లోనే మూసేశారు. పాత పటంలో పేరు చూసి అడిగారు, అక్కడివాళ్ళకి అనుమానం వచ్చి పట్టుకున్నారు. అంత ధైర్యం, అన్ని నెలల తయారీ, ఒక్క మూతపడ్డ స్టేషన్ దగ్గర ఆగిపోయింది. ఆ ఏడాది డిసెంబరులో వాళ్ళని పంపించారు. నువ్వు పోవాలనుకుంటే కాలు, కడుపు బాగున్న తొలి రోజుల్లోనే, పెద్దవాళ్ళ అనుమతితోనే, ఆ నేల మీద ఇవాళ ఏముందో తెలిసినవాడితోనే. ఎముకలు తేలాక గోడ ఎక్కే ఆలోచన వద్దు.

ఈ కింది ముక్క మీ అమ్మకి చదివి వినిపించు.

అమ్మాయీ, వీడు ఎప్పుడైనా ఎండిపోయి ఇంటికొస్తే తొలిరోజే చేపల పులుసు, నెయ్యి, పప్పు వేసి పెట్టొద్దు. నీ చెయ్యి ఆగదని తెలుసు, అయినా ఆపు. 1945లో విడుదలయ్యాక తినీతినీ పోయినవాళ్ళు ఉండారు. నెలల తరబడి మాడిన ఒంటికి ఒక్కసారిగా తిండి పడితే రక్తంలోని ఫాస్ఫేటు, పొటాషియం ఒక్కసారిగా కణాల్లోకి పోతాయి, గుండె గతి తప్పుతుంది. ఉన్న కాస్త బీ వన్ కూడా అయిపోతుంది. ముందు బీ విటమిన్ బిళ్ళ, తర్వాత తిండి. తొలి రెండు రోజులు కిలో బరువుకి పది కాలరీలకు మించకుండా, నలభై అయిదు కిలోల మనిషి అయితే రోజంతటికీ 450. అంటే పల్చటి జావ చిన్నగ్లాసుతో రెండు గంటలకొకసారి, కాస్త మజ్జిగ. వారం పదిరోజుల్లో మెల్లగా పెంచాలి. కాళ్ళు ఉబ్బినా, ఆయాసం వచ్చినా ఆగి ఆస్పత్రికి. ‘అమ్మా ఇంకొంచెం’ అని వాడు ఏడుస్తాడు. మా నాయన మా జేజి కాళ్ళు పట్టుకుని అడిగాడంట. ఆమె గది తలుపు గొళ్ళెం పెట్టి బయట కూర్చుని ఏడ్చిందంట గానీ పెట్టలేదు.

మళ్ళీ నీతో, అబ్బయ్యా. పోయిన వెంటనే కాగితాలు నింపమంటారు. అందులో దగ్గరి బంధువు పేరు, చిరునామా అని ఒక గడి ఉంటుంది. తొందరలో గీకొద్దు. మీ అమ్మ పేరు ఆధార్‌లో ఒక మాదిరి, నీ టెన్త్ సర్టిఫికెట్‌లో ఇంకో మాదిరి ఉంది. ఒకదాంట్లో ఇంటిపేరు ముందు, ఒకదాంట్లో వెనక. చేరకముందే రెండూ ఒకటి చేయించు. ఊరి పేరు దగ్గర ఇంకా జాగ్రత్త. మనది నెల్లూరు జిల్లా కోవూరు. గోదావరి ఒడ్డున కొవ్వూరు ఉంది, ఇంగ్లీషులో రాస్తే ఒక్క అక్షరం తేడా. 1943లో మా నాయన బతికే ఉన్నాడని వచ్చిన కార్డు ఆ కొవ్వూరుకి పోయి, ఊరూరా తిరిగి, మనకి చేరేసరికి పదినెలలు పట్టింది. ఆ పదినెలలూ ఊళ్ళో అందరూ కర్మ చేయించమన్నారు, మా అమ్మ ఒప్పుకోలేదు. కాబట్టి జిల్లా పేరు, మండలం, పిన్‌కోడ్ మూడూ రాయి. నింపిన ఆ కాగితం సంతకం పెట్టకముందు ఫోటో తీసి నాకు వాట్సాప్ చెయ్యి. అద్దాలు మార్పించుకున్నా, ఒక్కో అక్షరం చూసి చెప్తా.

మీ తాత